కంటి మీద నుంచి దిగిన యంత్రం

1898 ప్రాంతంలో అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో ఎడ్మండ్ హ్యూయి అనే యువ పరిశోధకుడు మనిషి కంటి మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గిన్నె బోర్లించాడు. నల్లగుడ్డు వంపుకు అతికేలా పోతపోసిన గిన్నె అది. చూడటానికి నడుమ ఒక రంధ్రం. ముందుగా కంట్లో మత్తుమందు చుక్కలు వేసి, గిన్నెకు తేలికైన అల్యూమినియం ముల్లు తగిలించేవాడు. కన్ను కదిలితే ముల్లు కదిలేది. మసి పట్టించిన కాగితం మీద గీత పడేది. పుస్తకం చదివే మనిషి కంటి గీత నున్నగా సాగలేదు. మెట్లు మెట్లుగా పడింది.

కన్ను పంక్తి వెంట జారిపోదు, గెంతుతూ ఆగుతూ వెళ్తుందని పారిస్‌లో కంటివైద్యుడు లూయీ ఎమిల్ జవాల్ ప్రయోగశాల 1879 నాటికే గుర్తించింది. ఈ గెంతుల్ని సకాడ్‌లు అంటారు. సెకనుకు మూడు నాలుగు చొప్పున మెలకువగా ఉన్నంతసేపూ ఇవి సాగుతూనే ఉంటాయి. కారణం రెటీనా నిర్మాణంలో ఉంది. చెయ్యి చాచి పట్టుకుంటే బొటనవేలు ఎంత వెడల్పు కనిపిస్తుందో, దాదాపు అంత మేరే మనకు స్పష్టంగా కనిపిస్తుంది. మిగతాదంతా మసకే. అందుకే దేన్ని చూడాలో కన్ను క్షణక్షణం ఎంచుకోక తప్పదు. ఆ ఎంపికలో మనిషికీ మనిషికీ తేడా ఉంటుందా?

ఆ ప్రశ్న తేలాలంటే చాలామంది కళ్లు కావాలి. గిన్నె తగిలించుకోవడానికి ఎంతమంది ఒప్పుకుంటారు? 1901లో రేమండ్ డాడ్జ్, థామస్ క్లైన్ కంటిని ముట్టుకోకుండానే పని జరిపారు. నల్లగుడ్డు మీద వెలుగు పడేసి, అది తిరిగి మెరిసే మెరుపును నెమ్మదిగా కిందికి దిగే ఫొటో పలక మీద పట్టారు. ఆ దారిలోనే షికాగోలో గై బస్వెల్ 200 మందికి బొమ్మలు చూపించి, 1935లో పుస్తకం వేశాడు. ఒకే బొమ్మను వేర్వేరు మనుషులు వేర్వేరు తీరుల్లో చూస్తారని ఆ పుస్తకం నిండా రుజువులున్నాయి.

మాస్కోలో ఆల్ఫ్రెడ్ యార్బస్ మళ్లీ కంటి మీదికే వెళ్లాడు. చిన్న అద్దం అమర్చిన టోపీని గుడ్డుకు అతికించి, రేపిన్ గీసిన ఒక చిత్రాన్ని ఒకే మనిషికి ఏడుసార్లు చూపించాడు. ఒకసారి చిత్రంలోని వాళ్ల వయసెంతో చెప్పమన్నాడు, ఒకసారి ఆ కుటుంబం కలిగినదో లేనిదో చెప్పమన్నాడు. ప్రశ్న మారినప్పుడల్లా చూపు దారి మారింది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల కింద నిలబడ్డవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. గిరిజా కల్యాణం కథ తెలిసినవారి చూపు వధూవరుల కోసం వెతుకుతుంది. ధర్మవరం నేతగాడికి ఆ చిత్రాల్లోని స్త్రీల చీరల అంచులే ముందు కనిపించినా ఆశ్చర్యం లేదు.

ఈనాటి యంత్రం కంటికి దూరంగా కూర్చుంటుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిని ప్రసరించి, కంటిపాప నడిమి బిందువునూ నల్లగుడ్డు మీది మెరుపునూ కెమెరాతో పట్టి, వాటి మధ్య ఎడాన్ని బట్టి చూపు ఎక్కడుందో లెక్కగడుతుంది. మంచి యంత్రాలు సెకనుకు వెయ్యిసార్లు కొలుస్తాయి. మొదట తెర మీద ఒక్కొక్క చుక్కే చూడమంటారు. ఆ మనిషి కంటికి తగ్గట్టు యంత్రం సర్దుకుంటుంది. అంతే, నొప్పి లేదు, మందు లేదు.

దాంతో లెక్క మారింది. ఇంగ్లండ్‌లో వెయ్యిమందికి పైగా మనుషుల కంటి కదలికలు కొలిచి 2017లో ప్రకటించిన అధ్యయనం, ఎవరి తీరు వారిదేననీ, చాలావరకు అది నిలకడగా ఉంటుందనీ తేల్చింది. అదే ఏడాది అమెరికాలో రెండేళ్లలోపు కవలల మీద జరిగిన పరిశోధన ఇంకా ఆశ్చర్యకరం. ఎదుటివారి కళ్లలోకి ఎంతసేపు చూస్తారన్న విషయంలో ఏకరూప కవలల మధ్య పొంతన 0.91 ఉంటే, భిన్నరూప కవలల మధ్య 0.35 మాత్రమే. సగటు తీసేటప్పుడు పక్కన పారేసిన తేడాల్లోనే ఇంత సమాచారం ఉంది!

అంతా పుట్టుకతోనే రాదు. ఇప్పుడు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రమేశ్ కుమార్ మిశ్రా, నెదర్లాండ్స్‌లో పనిచేసిన పరిశోధకుడు ఫాల్క్ హ్యూటిగ్‌తో కలిసి అలహాబాద్‌లో చేసిన ప్రయోగం 2012లో వెలువడింది. తెర మీద కొన్ని బొమ్మలు. చెవిలో 'ఎత్తయిన తలుపును చూస్తారు' అనే అర్థమొచ్చే హిందీ వాక్యం. హిందీలో విశేషణం పుంలింగంలో ఉందా స్త్రీలింగంలో ఉందా అన్నదాన్ని బట్టి రాబోయే వస్తువేదో ఊహించవచ్చు. బాగా చదువుకున్నవారి కన్ను తలుపు అన్న మాట వినపడక ముందే దాని మీదికి వెళ్లింది. అక్షరాలు అంతంతమాత్రం వచ్చినవారి కన్ను ఆ మాట చెవిన పడ్డాకే కదిలింది. చదువు లోపమంటే కాగితం దగ్గర ఆగిపోయేది కాదు, మాట వింటున్నప్పటి చూపు దాకా వెళ్తుంది.

2011 జనాభా లెక్కల్లో లేపాక్షి, ధర్మవరం కలిసిన అప్పటి అనంతపురం జిల్లా అక్షరాస్యత సుమారు 64 శాతం. వానలు మొహం చాటేసిన ఏళ్లలో వలస బండెక్కిన కుటుంబాల్లో పిల్లల బడి మధ్యలోనే ఆగిపోవడం ఈ సీమకు తెలిసిన కథే. అలహాబాద్ ఫలితం ఇక్కడి వాళ్ల గురించి కూడా మాట్లాడుతోంది. అయితే ఒక్క జాగ్రత్త అవసరం. తెర మీది బొమ్మలతో, మాటలతో కొలిచిన వెనకబాటును మొత్తం చూపుకే అంటగట్టకూడదు. మైకేల్ లాండ్ బృందం 1999లో తలకు తగిలించుకునే కెమెరాతో టీ కాచేవాళ్లను గమనిస్తే, చేతికన్నా అర సెకను ముందే కన్ను వస్తువు మీదికి చేరుతోందని తేలింది. అలవాటైన పనిలో కన్ను ముందు నడుస్తుందన్నమాట.

చదువు లోటునూ పని నేర్పునూ తూకం వేయాల్సింది ఇక్కడే. నేడు ఈ యంత్రం కళ్లజోడంత తేలికైంది. ధర్మవరంలో జరీ అంచు నేసేవారికీ, నిమ్మలకుంటలో తోలుబొమ్మకు సన్నని రంధ్రాలు కొట్టేవారికీ దాన్ని పెట్టి, వాళ్ల కన్ను చేతికన్నా ఎంత ముందుందో కొలవవచ్చు. అదే మనిషిని తెర ముందు కూర్చోబెట్టి అలహాబాద్ పరీక్షనూ తెలుగుకు తగ్గట్టు మలిచి పెట్టవచ్చు. బడికి దూరమైన కన్ను మగ్గం దగ్గర ఎంత నేర్చిందో అప్పుడు అంకెల్లో కనిపిస్తుంది.