టిరోలు సంస్థానాధీశ్వరి మార్గరెట్టు

యూరోపుఖండమందలి ఆల్పు పర్వతములలో జర్మనులకును ఇటాలియనులకును ఎల్లగా టిరోలు అను సీమ కలదు. ఇందలి బ్రెన్నరు కనుమ సుమారు 4,500 అడుగుల యెత్తు మాత్రమే యగుటచే, మధ్యయుగమున వర్తకుల సరకులును, రోమునగరమునఁ గిరీటధారణమునకుఁ బోవు చక్రవర్తుల సేనలును తఱచుగా ఈ త్రోవనే నడచెడివి. కనుమ నేలువారికి సుంకములు దొరకును. చక్రవర్తులును వారిని మన్నింపవలసినదే. కావున లక్సెంబర్గు, విట్టెల్సుబాఖు, హాబ్సుబర్గు అను మూఁడు రాజవంశముల చూపులును ఈ చిన్న సీమపైఁ బడెను. అట్టి సీమకు వారసురాలైన బాలిక మార్గరెట్టు.

ఈమె 1318లో జన్మించెను. తండ్రియగు హెన్రీప్రభువునకు మగసంతానము లేదు. 1330లో ఈమెను లక్సెంబర్గు వంశీయుఁడగు బొహీమియారాజు కుమారుఁడు జానుహెన్రీ కిచ్చి వివాహము చేసిరి. అప్పుడు వధువునకుఁ బండ్రెండేండ్లు, వరునకు ఎనిమిదేండ్లు. 1335లో తండ్రి గతింపఁగా, ఆయన యేలుబడిలోని కారింథియాసీమను చక్రవర్తి హాబ్సుబర్గువారి కిచ్చివేసెను. టిరోలుమాత్రము, అచ్చటి ప్రభుకుటుంబములవారు మార్గరెట్టు పక్షమున గట్టిగా నిలుచుటచే, ఆమెకు దక్కెను. కాని పెత్తనము భర్త యన్నగారగు చార్లెసు చేతిలోనికిని, బొహీమియా యుద్యోగుల చేతిలోనికిని పోయెను. దంపతులకుఁ బొందిక కుదురలేదు. ఈ పరాయి పెత్తనము ప్రభుకుటుంబములవారికిని కంటగింపయ్యెను.

1341 నవంబరులో ఒకనాఁడు జానుహెన్రీ వేఁటనుండి మరలి వచ్చునప్పటికి టిరోలుకోట తలుపులు మూసియుండెను. అవి యాతనికై తెఱువఁబడలేదు. సీమలో ఆశ్రయమిచ్చువారు లేక, అతఁడు ఇటలీవైపు పోయి అక్విలేయా మతాధిపతిని శరణు చొచ్చెను. 1342 ఫిబ్రవరిలో మార్గరెట్టు, చక్రవర్తి కుమారుఁడును విట్టెల్సుబాఖు వంశీయుఁడును నగు లూయీని పెండ్లాడెను. మొదటి వివాహమును పోపు రద్దుచేయలేదు గావున, ఆ దంపతులను మతమునుండి వెలివేసి, టిరోలుసీమలో ఆరాధనలు నిలుపవలసినదని యాజ్ఞాపించిరి. ఒక స్త్రీ చేసిన పనికి సీమయంతయు శిక్ష ననుభవించెను. ఆ వెలి 1359లోఁ దొలఁగెను.

1361లో భర్తయు, 1363 జనవరిలోఁ బదునెనిమిదేండ్ల పుత్రుఁడును మరణించిరి. పుత్రశోకము చల్లాఱకమునుపే, జనవరి 26వ తేదీని, ఆమె టిరోలును హాబ్సుబర్గు వంశీయుఁడగు రుడాల్ఫున కొప్పగించెను. నడుమఁ గొలఁదికాలము దప్ప 1918 వఱకు ఆ సీమ వారిదే. ఆమె 1369లో వియన్నానగరమున గతించెను. ఆమె కోట నేఁడు ఇటలీలోఁ జేరియున్నది.

వెలి తొలఁగినను అపవాదు తొలఁగలేదు. శత్రువు లామెకు నోటిని వెక్కిరించు "మౌల్టాషు" అను పేరు పెట్టిరి. ఆమె కాలమువాఁడే యగు జాను అను వింటర్‌థూరు సన్న్యాసి మాత్రము ఆమె మిక్కిలి చక్కనిదని వ్రాసెను. 1513 ప్రాంతమున క్వెంటిను మాట్సిసు అను చిత్రకారుఁడు వ్రాసిన యొక వికారపు ముదుసలి బొమ్మను, పిమ్మటివారు మార్గరెట్టు బొమ్మయే యనిరి. అది యామె గతించిన నూటనలువదేండ్లకుఁ బైగా వ్రాయఁబడినది!

పురుషులు రాజ్యములకై భార్యలను విడుచుట ఆ కాలమున వింత కాదు. వారి ముఖముల నెవ్వరును వెక్కిరింపలేదు. తన యింటి తలుపు తాను మూసికొనిన స్త్రీకి మాత్రము, ఆఱువందల యేండ్లు గడచినను, లోకము కురూపిణి యను పేరే మిగిల్చినది. చరిత్ర చదువునప్పుడు, నింద యెవరు వేసిరో, వారి కందు లాభమేమో మనము ముందుగా విచారింపవలదా?