ఇరుసు కాలు కదిలితే బంతి పోయినట్టే!

బాస్కెట్‌బాల్‌లో మనవాళ్లకు పరుగుకు కొదవ లేదు. కానీ బుట్ట దాకా తెచ్చిన బంతి ఒక్క విజిల్‌తో అవతలివాళ్లకు పోతోంది. రిఫరీ రెండు పిడికిళ్లూ గిరగిరా తిప్పితే అది ట్రావెలింగ్. ఇది ఫౌల్ కాదు, ఫౌళ్ల లెక్కలో రాదు. బంతి మాత్రం పోతుంది. నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

నిలబడి బంతి పట్టారనుకోండి. ఒక కాలు ఎత్తగానే రెండోది ఇరుసు కాలు అవుతుంది. గుంజకు కట్టిన దూడలాగా దాని చుట్టూ ఎంతైనా తిరగొచ్చు. గుంజ మాత్రం ఊడకూడదు.

డ్రిబుల్ మొదలెట్టాలంటే ముందు బంతి చెయ్యి వదలాలి, తర్వాతే ఇరుసు కాలు లేవాలి. మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే! పాస్‌కో, షాట్‌కో అయితే ఇరుసు కాలితో ఎగరొచ్చు. కానీ ఏ కాలూ మళ్లీ నేల తాకకముందే బంతి వదిలెయ్యాలి.

పరుగులో బంతి పడితే రెండు అడుగులు. 2017 అక్టోబర్ నుంచి ఫీబా నియమం ప్రకారం, బంతి చేతికి చిక్కేటప్పుడు నేల మీదున్న కాలు లెక్కలోకి రాదు. ఆ తర్వాత పడేదే మొదటి అడుగు.

బంతితో కిందపడి జారినా తప్పు లేదు. బంతి పట్టుకొనే దొర్లినా, లేచినా తప్పే.

పీఈటీ సార్ ఒప్పుకుంటే రోజూ సాయంత్రం ఆటకు ముందు పది నిమిషాలు కాళ్లకే సాధన చేద్దామని నా మనవి. మన పరుగు మనకే పాయింట్లు తేవాలి కదా!