కాకి లెక్క తప్పిందా?

పరాయి గూట్లో గుడ్డు పెట్టడానికి ఆడ కుకూకి (మన కోయిలకు చుట్టం) పది సెకన్లు చాలు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి దగ్గరున్న వికెన్ ఫెన్ చిత్తడి నేలలో, మధ్యాహ్నం దాటాక రెల్లుపొదల మీదుగా వచ్చి రీడ్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట గూటి మీద వాలుతుంది. ముక్కుతో ఒక గుడ్డు తీసి, దాని చోట తనది పెట్టేస్తుంది. తీసిన గుడ్డును పారేయదు, మింగుతుంది. పోతూ పోతూ డేగ కూతను తలపించే కూత ఒకటి వేస్తుంది. ఆ దెబ్బకి పిట్టలు గూడు సంగతి మరిచి ఆకాశం వంక చూస్తాయి. దొంగతనం చేసి, పైగా 'దొంగ దొంగ' అని అరవడమంటే ఇదే.

1980లలో అక్కడ పరిశోధకులు నిక్ డేవిస్, మైకేల్ బ్రూక్ రకరకాల రంగులు పూసిన నకిలీ గుడ్లను గూళ్లలో పెట్టి చూశారు. తమ గుడ్డు పోలికలు లేనివాటిని వార్బ్లర్లు చాలావరకు వదిలించుకున్నాయి, పోలిక ఉన్నవాటిని పొదిగాయి. అంటే తరతరాలుగా కుకూ గుడ్డుకు రంగులద్దింది ఈ పిట్ట చూపే. చూపు పదునెక్కేకొద్దీ నకలూ మెరుగైంది. తర్వాతి ఏళ్లలో వికెన్ ఫెన్‌లో కుకూలు తగ్గాయి. పుష్కరకాలం తిరక్కుండానే వార్బ్లర్ల అనుమానమూ సడలింది. కాపలా ఊరికే రాదు మరి. అతి జాగ్రత్తకు పోతే సొంత గుడ్డే బయటపడుతుంది.

గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చాక కథ క్రూరంగా మారుతుంది. మశూచి టీకా తెచ్చిన ఎడ్వర్డ్ జెన్నరే దీన్ని 1788లో వర్ణించాడు. ఈకలు రాని, కళ్లు తెరవని కుకూ పిల్ల వెనక్కి వెనక్కి జరిగి, వీపు మీదున్న గుంటలోకి పక్క గుడ్డును ఎక్కించుకుంటుంది. కాళ్లు గూటి గోడకు తన్నిపెట్టి, పైకి పాకి, అంచు దాటించి తోసేస్తుంది. ఒకటయ్యాక ఇంకొకటి. పన్నెండో రోజుకల్లా ఆ గుంట పూడిపోతుంది. ఇక దానితో పనేముంది?

అంత పదునైన కళ్లున్న పిట్ట, తనకు ఏడెనిమిది రెట్లున్న ఆ పిల్లకు మేత ఎందుకు పెడుతుంది? దాని అరుపు గూడు నిండా పిల్లలున్నట్టు వినిపించడం ఒక కారణం. పరిశోధకుడు అర్నాన్ లోటెమ్ 1993లో చెప్పిన మాట నాకు ఇంకా బలంగా తోస్తుంది. తొలి కాన్పులో చూసిన పిల్లలనే తనవని గుర్తుపెట్టుకునే తల్లికి, ఆ తొలి పిల్లే కుకూదైతే? బతుకంతా సొంత పిల్లల్ని తరిమేస్తుంది. అంతకంటే గుర్తుపట్టకపోవడమే మేలు.

ఆస్ట్రేలియాలో ఫెయిరీ రెన్ అనే పిట్ట మాత్రం ఈ చిక్కుకు దారి వెతికింది. గుడ్డులో ఉన్న పిల్లలకే తల్లి ఒక కూత వినిపిస్తుంది. పుట్టాక ఆ స్వరం కలిపి అడిగిన పిల్లకే మేత. తొందరగా బయటికొచ్చే కుకూ పిల్లకు ఆ పాఠం నేర్చుకునే వ్యవధి దొరకదు. ఇది 2012లో బయటపడింది.

ఇక మన కోయిల. ఉగాది నాడు మనం మురిసిపోయే ఆ పాట మగదానిది. ఒక్కోసారి కాకులు దాని వెంటపడి తరుముతుంటే, ఆ సందులో గోధుమరంగు మచ్చల ఆడది గూట్లో పని ముగించుకుంటుంది. కోయిల గుడ్డు కాకి గుడ్డుకన్నా చిన్నది, రెండు మూడు రోజులు ముందే పిల్ల అవుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, కోయిల పిల్లా అంతే ముద్దు. పక్షుల్లో మహా తెలివైన కాకి ఇంత తేలిగ్గా మోసపోవడమేంటని మనం నవ్వుకుంటాం. నాకైతే ఆ నవ్వు తొందరపాటనిపిస్తుంది. కోయిల పిల్ల కుకూ పిల్లలా పక్క గుడ్లను తోసెయ్యదు. మేత కొంత గుంజుకున్నా, కాకిపిల్లలూ దాని పక్కనే పెరిగి ఎగిరిపోవడం ఉంది. నష్టం అంతంతమాత్రమే అయినప్పుడు, పొరపాటున సొంత గుడ్డు పారేసుకునే ప్రమాదం కాకి ఎందుకు నెత్తికెత్తుకుంటుంది?