పటిక ఎంత వేయాలో జాడీయే చెబుతుంది
పట్టు అద్దకం నీటి శుద్ధికి లీటరు నీటితో ముందస్తు పరీక్ష

అగళి: అగళి, మడకశిర ప్రాంతాల మల్బరీ తోటల్లో మొదలయ్యే పట్టు ప్రయాణం హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ మీదుగా సాగి ధర్మవరం మగ్గాలపై చీరగా రూపుదిద్దుకుంటుంది. ఈ దారిలో ప్రతి మజిలీలోనూ నీరు కావాలి. గూళ్లను ఉడికించడానికి, దారానికి అంటి ఉన్న జిగురును పోగొట్టడానికి, రంగు అద్దడానికి, అద్దిన దారాన్ని జాడించడానికి నీరే ఆధారం. వాడిన నీటిని శుద్ధి చేయకుండా వదిలితే అది కాలువల్లో చేరి, చెరువుల్లో కలిసి, భూమిలోకి ఇంకుతుంది. వానలు అంతంతమాత్రంగా కురిసే ఈ సీమలో బోరు నీరు చెడితే పంటకూ, తాగునీటికీ, అద్దకానికీ కూడా ముప్పే.

ఇటువంటి నీటిని తేర్చడానికి పటిక, సున్నం, ఫెర్రిక్ క్లోరైడ్, పాలిమర్ వంటివి వాడతారు. అయితే ఏది వేయాలి, ఎంత వేయాలి అన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ సిద్ధంగా దొరకదు. ఆ నీటినే కొద్దిగా తీసుకుని పరీక్షించి తెలుసుకోవాలి. దీనినే 'జార్ టెస్ట్' అంటారు.

కలక ఎందుకు తేరదు?

పచ్చి పట్టు బరువులో దాదాపు నాలుగో వంతు సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. సబ్బు, సోడా కలిపిన వేడినీటిలో ఉడికించినపుడు అది నీటిలోకి దిగుతుంది. నీటిలో తేలియాడే అతి సూక్ష్మ రేణువులు సాధారణంగా రుణ విద్యుదావేశం కలిగి ఉంటాయి. ఒకదానినొకటి నెట్టుకుంటూ ఉండడం వల్ల అవి ఎన్ని గంటలు కదలకుండా ఉంచినా అడుగుకు చేరవు. పటికలోని అల్యూమినియం ధనావేశంతో ఈ వికర్షణను తగ్గిస్తుంది. అపుడు రేణువులు పరస్పరం అతుక్కుని దూదిపింజల వంటి ముద్దలవుతాయి. పాలిమర్ పొడవాటి గొలుసువలె ఆ ముద్దలను కలిపి మరింత బరువెక్కిస్తుంది. అవి అడుగుకు దిగగానే పైన తేట మిగులుతుంది.

ఆరు జాడీల పరీక్ష

ప్రయోగశాలల్లో ఒకేసారి ఆరు జాడీలను కలిపే యంత్రం ఉంటుంది. అది లేనిచోట ఒకే పరిమాణం గల ఆరు గాజు జాడీలు, కలిపేందుకు కర్రలు, కొలత సిరంజి, పీహెచ్ కాగితం ఉన్నా స్థూలంగా అంచనాకు రావచ్చు. ముందుగా 10 గ్రాముల పటికను నీటిలో కరిగించి ఒక లీటరు ద్రావణం చేయాలి. ఆ ద్రావణంలో ప్రతి మిల్లీలీటరులోనూ 10 మిల్లీగ్రాముల పటిక ఉంటుంది.

ప్రతి జాడీలో ఒక లీటరు వ్యర్థజలం పోయాలి. మొదటి దానిలో ఏమీ వేయకుండా పోలికకు ఉంచాలి. మిగిలిన వాటిలో వరుసగా 5, 10, 15, 20, 25 మిల్లీలీటర్ల ద్రావణం వేయాలి. ఒక నిమిషం వేగంగా, తర్వాత 15 నుంచి 20 నిమిషాలు నెమ్మదిగా కలపాలి. నెమ్మదిగా కలపవలసిన దశలో తొందరపడితే ఏర్పడిన ముద్దలు విడిపోతాయి. అనంతరం అరగంట కదపకుండా ఉంచి పైతేటను, అడుగున చేరిన మడ్డి ఎత్తును, పీహెచ్‌ను నమోదు చేయాలి. అన్నిటికంటే తక్కువ మోతాదుతో తగినంత తేట ఇచ్చిన జాడీయే సరైన లెక్క.

ఉదాహరణకు 15 మిల్లీలీటర్లు వేసిన జాడీ బాగా తేరిందనుకుంటే, లీటరుకు 150 మిల్లీగ్రాముల చొప్పున 5,000 లీటర్ల తొట్టికి 750 గ్రాముల పటిక సరిపోతుంది. కంటి అంచనాతో కిలో వేస్తే ప్రతి తొట్టికీ పావు కిలో వృథా.

ఎక్కువైతే మేలు కాదు

మోతాదు పెరిగితే ఖర్చు పెరగడంతో పాటు రేణువుల ఆవేశం తారుమారై నీరు మళ్లీ కలక బారే అవకాశం ఉంది. మడ్డి కూడా పెరుగుతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలో వ్యర్థజల శుద్ధిలో వచ్చే రసాయన మడ్డి కూడా ఉంది. దానిని పొలం గట్టున పారబోయడానికి వీలులేదు. పైగా పటిక నీటి క్షారగుణాన్ని తగ్గిస్తుంది. పీహెచ్ 6 నుంచి 8 మధ్య ఉన్నపుడే అది బాగా పనిచేస్తుంది కనుక, పడిపోతే సున్నంతో సరిచేసి పరీక్షను మళ్లీ చేయాలి.

ఇదే సూత్రం తెలుగువారికి మరో రూపంలో పరిచితమే. తాగునీటిలో ఫ్లోరైడ్ తగ్గించేందుకు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన 'నల్గొండ పద్ధతి'లోనూ పటిక, సున్నం వాడతారు. అక్కడ కూడా నీటి ఫ్లోరైడ్, క్షారగుణాలను బట్టి మోతాదు మారుతుంది.

చిల్లగింజ నుంచి చింతగింజ వరకు

కుండ లోపల చిల్లగింజను అరగదీసి బురదనీటిని తేర్చుకోవడం పెద్దలకు తెలిసిన విద్యే. మునగ గింజల్లోని ప్రోటీన్ కూడా ఇలాగే పనిచేస్తుంది. హిందూపురం చింతపండు మార్కెట్‌కు పేరున్న ఊరు. చింతగింజల పప్పు నుంచి తీసే జిగురును వ్యర్థజల శుద్ధికి పరిశోధకులు పరీక్షించారు. అయితే ఇవి నీటిలో సేంద్రియ పదార్థాన్ని పెంచుతాయి కాబట్టి, వీటికీ జాడీ పరీక్ష తప్పనిసరి.

తేట కనిపించినంతనే నీరు శుద్ధమైనట్లు కాదు. పట్టుకు వాడే ఆమ్ల రంగుల్లో చాలావరకు నీటిలో పూర్తిగా కరిగి ఉంటాయి. పటికకు అవి అంత సులువుగా లొంగవు. కరిగిన ఉప్పు అసలే పోదు. రంగుకు ఉత్తేజిత బొగ్గు వంటివి, సేంద్రియ పదార్థానికి జీవశుద్ధి అవసరమవుతాయి. ఉపరితల జలాల్లోకి వదిలే వ్యర్థజలానికి పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలని, తేలియాడే ఘనపదార్థాలు లీటరుకు 100, బీఓడీ 30, సీఓడీ 250 మిల్లీగ్రాములు మించరాదని పర్యావరణ పరిరక్షణ నిబంధనలలోని సాధారణ ప్రమాణాలు చెబుతున్నాయి. వీటిని ప్రయోగశాలలోనే నిర్ధారించుకోవాలి.

అద్దకంలో ఈ రోజు ఎరుపు, రేపు ఆకుపచ్చ. రంగు మారితే నీటి గుణం మారుతుంది, మోతాదూ మారుతుంది. అందుచేత రంగు మారిన ప్రతిసారీ, కొత్త రసాయనం కొన్న ప్రతిసారీ తొట్టిలో వేయడానికి ముందు జాడీలో చూడడమే క్షేమం. దీనికి పట్టే సమయం గంట మాత్రమే. చెడిన బోరుబావి బాగుపడడానికి ఏళ్లు పడుతుంది.