ఓపెన్ సోర్స్ సమూహాల్లో ఇంగ్లీషు, మాతృభాష: రూబీ ఉదాహరణ

రూబీ ప్రోగ్రామింగ్ భాషను జపాన్‌కు చెందిన యుకిహిరో మత్సుమోతో 1995లో విడుదల చేశారు. తొలినాళ్లలో చర్చలు జపనీస్‌లోనే సాగేవి. వాడకం ఇతర దేశాలకు వ్యాపించాక ఒక చిక్కు ఏర్పడింది: ఫలానా మార్పు ఎందుకు చేశారో జపనీస్ రానివారికి తెలిసేది కాదు. ఇక్కడ గుమ్మం బయట నిలిచినవారు ఇంగ్లీషువారే కావడం విశేషం! తరువాత ఇంగ్లీషు చర్చలకు రూబీ-కోర్ అనే వేదిక వచ్చింది; జపనీస్ వేదిక రూబీ-డెవ్ కూడా కొనసాగింది.

కొత్తవారి సందేహాలు మాతృభాషలో తీర్చడమే మేలు. నిర్ణయాన్ని, దాని కారణాన్ని మాత్రం అందరూ చదవగల భాషలో నమోదు చేయాలి. ఉదాహరణకు, తెరపై తెలుగు ఒత్తులు విడిపోతే ఆ దోషాన్ని ముందు పట్టుకోగలిగేది తెలుగు చదివేవారే. వారు తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు. అయితే దానిని సరిచేసే ప్రోగ్రామర్‌కు తెలుగు రాకపోవచ్చు కనుక, సమూహంలో ఎవరో ఒకరు నాలుగు ఇంగ్లీషు వాక్యాలు రాసి, స్క్రీన్‌షాట్ జతచేసి పంపాలి.