పొద్దుగాల బండి స్టార్ట్ కావట్లేదా..? చలిని తిట్టే ముందు ఇవి చూసుకోండి!

తెల్లవారుజామున 5 గంటలు. దేవరకొండ పక్కన ఓ పల్లె. బండికి రెండు వైపులా పాల క్యాన్లు కట్టి రెడీగా ఉన్నాయి. పాల కేంద్రం టైమ్ దాటిపోతే ఆ పూట పాలు మిగిలిపోయినట్టే. కిక్ కొడితే ఇంజిన్ గుర్రుమని ఆగిపోతుంది. మళ్లీ కొడితే మళ్లీ అంతే. పదో కిక్కుకి మనిషికి చెమట పడుతుంది కానీ బండి మాత్రం కదలదు.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో డిసెంబర్, జనవరి నెలల్లో చాలా ఇళ్ల ముందు కనిపించే సీన్ ఇది. పాలవాళ్లు, మార్కెట్‌కు కూరగాయలు తీసుకెళ్లే రైతులు, పొద్దున షిఫ్ట్‌కు వెళ్లేవాళ్లు.. అందరిదీ ఒకటే మాట. ఇగానికి బండి పట్టేసిందని. మరి నిజంగా చలి వల్లేనా? సగమే నిజం.

మన దగ్గర ఎంత చలి పెట్టినా రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరికి వస్తే అదే ఎక్కువ. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమల గుట్టల్లో ఇంకాస్త వణికిస్తుంది, అంతే. లద్దాఖ్‌లో సున్నా కంటే కిందకు పడిపోయినా ఇవే కంపెనీల బండ్లు స్టార్ట్ అవుతున్నాయి. అక్కడ కూడా పెట్రోల్ గడ్డకట్టదు. అంటే, 12 డిగ్రీలకే బండి మొరాయించిందంటే అందులో ఏదో ఒకటి ముందే బలహీనపడి ఉంది. ఎండాకాలంలో ఎలాగోలా నెట్టుకొచ్చిన లోపం చలికి బయటపడుతుంది.

అసలు లోపల ఏం జరుగుతుంది?

పెట్రోల్ ద్రవంగా ఉన్నప్పుడు ఇంజిన్‌లో సరిగా మండదు. ఆవిరై గాలిలో కలవాలి, అప్పుడే ప్లగ్ నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఇంజిన్ చల్లగా ఉంటే పెట్రోల్ పూర్తిగా ఆవిరి కాదు. సగం చుక్కలుగానే పైపు గోడలకు అంటుకుపోతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో ఈ ఇబ్బంది కొంచెం ఎక్కువే. ఎందుకంటే ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వేడి కావాలి. దీనికి తోడు ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ సత్తా కూడా కాస్త తగ్గుతుంది. ఒక్కోటీ చిన్న ఇబ్బందే. మూడూ ఒకేసారి కలిసి వస్తేనే పొద్దున్నే మనకు తంటా.

పాత బండికి ఒక పద్ధతి.. కొత్త బండికి ఇంకో పద్ధతి

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 రూల్స్ వచ్చాయి. అప్పటి నుంచి వచ్చిన బైక్‌లలో దాదాపు అన్నింటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే. అంతకు ముందువి ఎక్కువగా కార్బురేటర్ బండ్లు. పల్లెల్లో ఇప్పటికీ రెండు రకాలూ తిరుగుతున్నాయి. తండ్రి నడిపేది పాత బండి, కొడుకుది కొత్త బండి. కానీ స్టార్ట్ చేసే తీరు మాత్రం ఇద్దరిదీ ఒకటే!

కార్బురేటర్ బండి అయితే ముందు పెట్రోల్ కాక్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. కీ ఆన్ చేయకుండానే రెండు మూడుసార్లు నెమ్మదిగా కిక్ కొట్టాలి. దీంతో ఆయిల్ కదులుతుంది, లోపలికి కాస్త పెట్రోల్ చేరుతుంది. తర్వాత చోక్ పూర్తిగా లాగి, కీ ఆన్ చేసి కిక్ కొట్టాలి. ఆ టైమ్‌లో ఎక్సలేటర్ తిప్పొద్దు. చోక్ పని గాలిని తగ్గించి పెట్రోల్ వాటా పెంచడం. ఎక్సలేటర్ తిప్పితే గాలి ఎక్కువగా వచ్చేసి చోక్ లాగిన లాభం పోతుంది. బండి అందుకున్నాక అర నిమిషం, మహా అయితే నిమిషం. ఆ తర్వాత చోక్ మూసేయాలి. మర్చిపోయి అలాగే ఊరి దాకా నడిపితే మైలేజ్ పడిపోతుంది, ప్లగ్‌కు మసి పడుతుంది. మర్నాడు పొద్దున స్టార్ట్ కాకపోవడానికి ఆ మసే కారణం అవుతుంది.

ఇంజెక్షన్ బండ్లకు చోక్ ఉండదు. ఇంజిన్ ఎంత చల్లగా ఉందో సెన్సార్ చూసుకుని, దాన్ని బట్టి పెట్రోల్ దానంతట అదే ఎక్కువ వదులుతుంది. మనం చేయాల్సింది ఒక్కటే, ఆగడం. కీ ఆన్ చేయగానే సన్నగా ‘జూయ్’ మని సౌండ్ వస్తుంది. అది పెట్రోల్ పంపు ప్రెజర్ కడుతున్న శబ్దం. ఆ రెండు మూడు సెకన్లు ఆగి, క్లచ్ పట్టి సెల్ఫ్ నొక్కాలి. క్లచ్ పడితే చిక్కబడ్డ ఆయిల్‌లో గేర్లను తిప్పే బరువు సెల్ఫ్ మోటార్‌పై తగ్గుతుంది. ఒకేసారి 5 సెకన్లకు మించి సెల్ఫ్ నొక్కి పట్టుకోవద్దు. స్టార్ట్ కాకపోతే 10 సెకన్లు గ్యాప్ ఇచ్చి మళ్లీ ట్రై చేయాలి. వదలకుండా నొక్కితే ఉన్న కాస్త చార్జింగ్ కూడా ఖతం.

అయినా స్టార్ట్ కాలేదా? అప్పుడు అసలు దొంగను పట్టుకోవాలి. హారన్ కొట్టి చూడండి. గొంతు పూడుకుపోయినట్టు వినిపించినా, సెల్ఫ్ నొక్కితే ‘టక్ టక్’ మని మీటర్ లైట్లు డిమ్ అయినా, అనుమానం ముందు బ్యాటరీ మీదే. ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12కు పడిపోయిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. ఇంకో సంగతి. పాత బండిని తోసి స్టార్ట్ చేసినట్టు కొత్త బండిని చేయడం అన్నిసార్లూ కుదరదు. పంపుకు, కంప్యూటర్‌కు కరెంట్ కావాలి కదా! బ్యాటరీ పూర్తిగా డౌన్ అయితే ఊరంతా తోసినా లాభం లేదు.

బ్యాటరీ బాగుంటే తర్వాత ప్లగ్. విప్పి చూస్తే లేత గోధుమ రంగులో ఉండాలి. నల్లగా మసి ఉంటే శుభ్రం చేయాలి, అరిగిపోతే మార్చాలి. తడిగా ఉండి పెట్రోల్ వాసన వస్తే ఇంజిన్‌లోకి పెట్రోల్ ఎక్కువైనట్టు. అలాంటప్పుడు ప్లగ్ తుడిచి బిగించి, చోక్ మూసి, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్ కొడితే ఎక్కువైన పెట్రోల్ బయటకు పోతుంది. పత్తి సీజన్‌లో చేన్ల దారుల్లో తిరిగిన బండి అయితే ఎయిర్ ఫిల్టర్ కూడా ఒకసారి దులిపించాల్సిందే. ఆ దుమ్ము అంతా ఇంతా కాదు.

ఆయిల్ విషయంలో మాత్రం ‘చిక్కగా ఉంటేనే ఇంజిన్‌కు మంచిది’ అన్న మాట నమ్మొద్దు. డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉంటే అందులో ‘డబ్ల్యూ’ అంటే వింటర్, అంటే చలికాలం. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత తేలికగా పారుతుంది. కంపెనీ 10డబ్ల్యూ-30 వేయమంటే 20డబ్ల్యూ-50 పోసి, పొద్దున్నే కిక్ బరువుగా ఉందంటే ఎలా?

ఎంతసేపు వేడెక్కించాలి?

స్టార్ట్ అయిన వెంటనే ఎక్సలేటర్ గట్టిగా తిప్పి రేజ్ చేయడం చాలామందికి అలవాటు. ఇంజిన్‌కు ఎక్కువ దెబ్బ అక్కడే. రాత్రంతా కిందకు దిగిన ఆయిల్ పైభాగాలకు చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ లోపే రేజ్ చేస్తే ఇనుముకు ఇనుము రాసుకుంటుంది. అలాగని పది నిమిషాలు నిలబెట్టి నడిపించడమూ దండగే, పెట్రోల్ తప్ప ఏమీ రాదు. మన చలికి అర నిమిషం నుంచి నిమిషం చాలు. మిగతా వేడి మెల్లగా నడుపుతుంటే అదే వస్తుంది. మొదటి ఒకటి రెండు కిలోమీటర్లు గేర్లు లాగకుండా, 30-40 స్పీడ్‌లో పోతే సరిపోతుంది.

ఎక్కడ వేడెక్కిస్తున్నారు?

ఇది మాత్రం సీరియస్ విషయం. దొంగల భయంతో రాత్రి బండిని ముందు గదిలోనో, షట్టర్ లోపలో పెట్టుకునే ఇళ్లు మన పట్టణాల్లో చాలా ఉన్నాయి. పొద్దున్నే చలిగాలి వస్తుందని తలుపు మూసే ఉంచి, లోపలే స్టార్ట్ చేసి వదిలేస్తుంటారు. పక్క గదిలో పిల్లలు, ముసలివాళ్లు పడుకునే ఉంటారు. సైలెన్సర్ నుంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. పైగా చల్లగా ఉన్న ఇంజిన్ నుంచి ఈ వాయువు ఇంకా ఎక్కువగా వస్తుంది.

తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం.. మొదట్లో కనిపించేవి ఇవే. జలుబు చేసిందేమో అనుకుని మళ్లీ పడుకుంటారు. నిద్రలో ఉన్నవాళ్లకైతే ఆ మాత్రం గుర్తు కూడా తెలియదు. మూసిన గదిలో రాత్రి బొగ్గుల కుంపటి పెట్టుకున్నా ఇదే ప్రమాదం. అందుకే బండిని వాకిట్లోకి తోసుకొచ్చాకే కీ తిప్పాలి. ఎవరైనా అలా స్పృహ తప్పితే వెంటనే ఆరుబయటకు తెచ్చి 108కు ఫోన్ చేయాలి.

ఇక రోడ్డెక్కాక. చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే మీద, జడ్చర్ల దాటాక బెంగళూరు హైవే మీద పొద్దున్నే పొగమంచు పట్టిన రోజు లైట్ డిమ్‌లోనే పెట్టుకోవాలి. హై బీమ్ వేస్తే మంచు మీద పడి తిరిగి మన కళ్లకే కొడుతుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టు కూడా తక్కువే. మొదటి మలుపుల్లో సడన్ బ్రేక్ కొట్టకుండా చూసుకోవాలి.

సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి వస్తోందని, నీటి చుక్కలు కారుతున్నాయని కొందరు కంగారుపడి మెకానిక్ దగ్గరికి పరుగెడుతుంటారు. అవసరం లేదు. పెట్రోల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది, చల్లటి సైలెన్సర్‌లో అదే నీళ్లవుతుంది. ఇంజిన్ వేడెక్కాక ఆగిపోతుంది. నీలం రంగు పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు, నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు. ఆ రెండింటికీ మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.