కంటికి కానరాని కారణం

మానుకోట ప్రాంతంలో ఏ ఇంట చూచినా, రాత్రి పడుకొనబోయే ముందు ఇల్లాలు కాచిన పాలను గోరువెచ్చగా చల్లార్చి, చెంచాడు పెరుగు తోడు వేసి మూత పెట్టుతుంది. తెల్లవారేసరికి గిన్నెలో గడ్డపెరుగు సిద్ధంగా ఉంటుంది. పాలు మరీ వేడిగా ఉంటే విరుగుతవనీ, మరీ చల్లగా ఉంటే తోడుకోవనీ ఆమెకు ఎవరూ పుస్తకం తెరచి చెప్పలేదు. తల్లి చేతిని చూచి నేర్చుకొన్నది. ఇదే పనిని ప్రయోగశాలలో విద్యార్థి చేసినప్పుడు దానికి సూక్ష్మజీవుల వర్ధనం అని పేరు. ఆమె తోడు అన్నదానిని అతడు లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా అంటాడు. ఆమె గోరువెచ్చన అన్నదానిని అతడు ఉష్ణమాపకం మీద అంకెగా చదువుకొంటాడు.

మహబూబాబాద్ 2016 అక్టోబరు 11న జిల్లా అయినది. 2022 నవంబరు 15న అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. 2023 సెప్టెంబరు 15న జనగామ, భూపాలపల్లి పట్టణాలకు కూడా అట్టి కళాశాలలు వచ్చినవి. అంతకు పూర్వం ఈ ప్రాంతపు పిల్లవాడు వైద్యం చదువవలెనంటే 1959లో నెలకొన్న వరంగల్లు కాకతీయ వైద్య కళాశాలకో, ఇంకా దూరానికో పోవలసి వచ్చేది. ఈనాడు మానుకోటలోనే రెండవ సంవత్సరపు విద్యార్థి సూక్ష్మదర్శిని ముందు కూర్చొని సూక్ష్మజీవ శాస్త్రాన్నీ, రోగనిరోధక శాస్త్రాన్నీ ఆరంభిస్తున్నాడు. అతనిని అక్కడికి పంపుతున్నది మన పాఠశాలలే. కనుక ఆ శాస్త్రం ఏమి చెప్పుతున్నదో ఉపాధ్యాయులూ, విద్యార్థులూ కొంతైనా ఎరిగి ఉండడం అవసరం.

పేర్లు చెప్పే చరిత్ర

రోగాలకు పేర్లు పెట్టడంలో తెలుగువారి చూపు ఎంతో నిశితమైనది. శరీరం విల్లువలె వెనుకకు వంగిపోయే వ్యాధిని ధనుర్వాతమన్నారు. వణికించి వచ్చే జ్వరాన్ని చలిజ్వరమన్నారు. ఒడలు పసుపెక్కితే పచ్చకామెర్లు, దవడల క్రింద వాస్తే గవదబిళ్లలు. ఒంటిమీద ముత్యాలవలె పొక్కులు లేస్తే అమ్మవారు పోసినదని చేతులు జోడించినారు. ఈ పేర్లన్నీ రోగం యొక్క రూపాన్ని చెప్పుతవి. రోగానికి కారణమేమో చెప్పవు.

ఇది మనవారి లోపం కాదు. ఇటలీవారు చలిజ్వరానికి చెడ్డగాలి అనే అర్థంలో పెట్టిన మలేరియా అనే పేరునే లోకమంతా నేటికీ వాడుతున్నది. కంటికి కనిపించని దానికి ఎవరు మాత్రం పేరు పెట్టగలరు? మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాన్ అంటారు. సాధారణ బాక్టీరియా కొలత అటువంటి ఒకటి రెండు మైక్రాన్లు. పదిహేడవ శతాబ్దంలో హాలండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ తాను అరగదీసిన అద్దాలలో ఈ జీవులను తొలిసారి చూచినాడు. అవి రోగాలకు కారణమని నిరూపించడానికి మరి రెండు వందల సంవత్సరాలు పట్టినది. 1882 మార్చి 24న రాబర్ట్ కోఖ్ క్షయవ్యాధి బాసిల్లసును బెర్లినులో ప్రకటించినాడు. ఆ రోజుల్లోనే అతని ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచే గట్టి మాధ్యమం కుదరక శాస్త్రజ్ఞులు అవస్థపడుతూ ఉంటే, వారిలో ఒకరి భార్య ఫానీ హెస్సె తన వంటింటిలో వాడే అగరును సూచించినది. నేటికీ మానుకోట విద్యార్థి తన గాజుపళ్లెంలో పోసేది ఆ అగరునే. తోడు వేసిన ఇల్లాలికీ, ఈ శాస్త్రానికీ చుట్టరికం ఈనాటిది కాదు.

బేగంపేటలో ఒక ఆగస్టు దినం

రూపం నుండి కారణానికి సాగిన ఈ ప్రయాణంలో ఒక ముఖ్యమైన మజిలీ మన నేలమీదనే ఉన్నది. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగి నెత్తుటిలో మలేరియా పరాన్నజీవిని చూచినాడు. అది ఒకరినుండి ఒకరికి ఎట్లు చేరుతున్నదో తెలియలేదు. ఆ చిక్కును విప్పడానికి సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ సికిందరాబాదులోని బేగంపేటలో కూర్చొన్నాడు. పంకా వేస్తే కోసిన దోమల భాగాలు ఎగిరిపోతవని ఉక్కపోతలోనే పని చేసినాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి. హుసేన్ ఖాన్ అనే రోగి కుట్టిన దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని తన నెత్తురును దోమలకు ఇచ్చినాడు. 1897 ఆగస్టు 20న, అట్లు నెత్తురు త్రాగిన ఒక దోమ జీర్ణకోశపు గోడలో రాస్ నల్లని రేణువులు గల కణాలను కనుగొన్నాడు. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, పరాన్నజీవి దోమలో గడిపే జీవితాన్ని పూర్తిగా వెల్లడించినాడు. 1902లో అతనికి నోబెల్ బహుమతి లభించినది. ఆ ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. రాస్ పేరు అందరికీ తెలుసు. నెత్తురిచ్చిన హుసేన్ ఖాన్ పేరు కూడా పిల్లలకు చెప్పడం ధర్మం.

కారణం తెలియగానే కర్తవ్యం మారినది. గాలి చెడ్డదని కిటికీలు మూసుకొన్న మనిషి, నీరు నిలిచిన గుంటను పూడ్చడం నేర్చుకొన్నాడు. గూడూరు, కొత్తగూడ, గంగారం అడవి గ్రామాలలో వానకాలపు జ్వరాలను చూచినవారికి ఈ మార్పు ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కర లేదు.

టీకా అనే మాట

తెలుగు విద్యార్థికి టీకా అంటే పద్యానికి చెప్పే ప్రతిపదార్థం. జనసామాన్యానికి టీకా అంటే పిల్లలకు వేయించే సూది. బొట్టు, గుర్తు అనే అర్థంతో ఉత్తరాది భాషలలో వ్యాపించిన మాట ఇట్లు మనకు వచ్చినది. మాటలు వేరైనా రెండు టీకాలు చేసే పని ఒక్కటే కావడం చమత్కారంగా ఉంటుంది. కఠినమైన పద్యం పరీక్షలో ఎదురు పడక ముందే టీక దాని అర్థాన్ని విప్పి చెప్పుతుంది. రోగం ఎదురు పడక ముందే టీకా దాని గుర్తులను దేహానికి చూపుతుంది.

దేహంలో తెల్ల రక్తకణాలు కావలి కాస్తూ ఉంటవి. వానిలో కొన్ని, చొరబడిన దానిని ఏది ఏమని విచారింపక మ్రింగివేస్తవి. లింఫోసైట్లనే మరికొన్ని మాత్రం శత్రువు ఉపరితలం మీది ప్రత్యేక చిహ్నాలను గుర్తిస్తవి. ఆ చిహ్నాలకు ప్రతిజనకాలని పేరు. వానికి సరిగ్గా అతుక్కొనే ప్రతిరక్షకాలు తయారవుతవి. తొలిసారి ఇందుకు వారం, రెండు వారాలు పడుతుంది. ఆలోగా రోగమే గెలువవచ్చును. కాని ఒకసారి ఎరిగిన శత్రువును జ్ఞాపక కణాలు మరువవు. రెండవసారి కొద్ది దినాలలోనే సైన్యం కదలుతుంది. వ్యాధి బాధ లేకుండానే ఆ జ్ఞాపకాన్ని కలిగించడమే టీకా పని.

1796 మే 14న ఎడ్వర్డ్ జెన్నర్ ఒక బాలునికి ఆవుపొక్కుల రసిని ఎక్కించి, తరువాత మశూచి అతనిని అంటలేదని చూపినాడు. 1802 జూన్ 14న బొంబాయిలో మన దేశపు తొలి టీకా పడినది. మన పల్లెలలో అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. వానిని చూచి పరాయివారు లోనికి రారు గనుక, రోగిని వేరుగా ఉంచడమనే మేలు అందులో కొంత ఉన్నది. కాని మశూచిని భూమి మీది నుండి తుడిచివేసినది టీకాయే. 1975 మే మాసం తరువాత మన దేశంలో పుట్టిన మశూచి కేసు లేదు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ ఆ వ్యాధి లోకంలో లేదని ప్రకటించినది. ముత్యాలమ్మ గుడికి బోనం ఎత్తడం నేటికీ ఉన్నది. ముత్యాలవలె లేచే ఆ పొక్కులు మాత్రం లేవు.

చివరి మాత్ర

రోగకారకాన్ని చంపే మందుల కథలోనూ ఒక తెలుగువాని పేరు చిరస్థాయిగా నిలిచినది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని స్ప్రూ వ్యాధి పొట్టన పెట్టుకొన్నది. ఆయన మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించినాడు. ఆయన నడిపిన ఆ శాఖలోనే, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి బంగారు వన్నె గల ఆరియోమైసిన్‌ను రాబట్టినాడు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది తొలిబిడ్డ. 1948లో ఆ మందు లోకానికి అందినది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసినాడు.

అయితే, ఆ వరం తరిగిపోని నిధి కాదు. పెనిసిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే, మందును చాలీచాలకుండా వాడితే క్రిములు దానికి అలవాటు పడగలవని హెచ్చరించినాడు. కొన్ని బాక్టీరియాలు అనుకూల స్థితిలో 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతవి. కోట్లలో ఏ ఒక్కటో మందుకు లొంగనిదైతే, తక్కినవి చచ్చిన చోట దాని సంతానమే నిండుతుంది. క్షయ బాసిల్లస్ మెల్లగా పెరిగేది. అందుచేతనే సాధారణ క్షయకు కూడా నెలల తరబడి మందు వాడవలె. జ్వరం తగ్గి, ఆకలి పుట్టి, రోగి పొలానికి పోదామనుకొన్న నాటికి మందు ఇంకా సగమే అయి ఉంటుంది. రూపం మాయమైనది, కారణం మిగిలి ఉన్నది. మన పూర్వుల కాలం నుండి రోగాన్ని రూపంతోనే కొలుస్తున్న మనసుకు ఈ భేదం తెలియకపోతే, మిగిలిన మాత్రలు గూటిలోనే ఉండిపోతవి. తరువాత ఆ మందు అతనికీ పనిచేయదు, అతని నుండి రోగం సోకినవారికీ పనిచేయదు.

ఎవరు చెప్పవలె?

ఈ మాటను తండాలోని తల్లికి ఎవరు చెప్పవలె? కళాశాలలో పాఠం ఇంగ్లీషులో సాగుతుంది. రోగి తెలుగులోనో, లంబాడీలోనో, కోయలోనో తన బాధ చెప్పుకొంటాడు. ఇంగ్లీషు వద్దనడం అవివేకం. లోకంలోని జ్ఞానమంతా ఆ దారినే వస్తున్నది. కాని నేర్చుకొన్న విషయాన్ని ఇంటి భాషలో విడమరచి చెప్పలేని చదువు ప్రయోగశాల గడప దాటదు. 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఈ కొరతను గుర్తించే శాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చే పనికి పూనుకొన్నవి. పెద్ద గ్రంథాలు వ్రాయడం అందరి వల్లా కాదు. తోడు, టీకా, చలిజ్వరం వంటి మాటలు పట్టుకొని ఒక పాఠం చెప్పడం మాత్రం ప్రతి ఉపాధ్యాయుని వల్లా అవుతుంది. తరగతిలో ఒక్క పిల్ల ఆ పాఠం విని, సాయంత్రం ఇంటికి పోయి, దగ్గు తగ్గినదని మందు మానుకొన్న తాతను కూర్చోబెట్టి, మాత్రలు చివరి వరకు ఎందుకు మ్రింగవలెనో నచ్చజెప్పగలిగితే, ఆ ఉపాధ్యాయుని శ్రమ ఫలించినట్లే.